కొండవైపు, సముద్రంవైపు

ఆ రోజు నోరు విప్పకూడదని జుహ్రా పొద్దున్నే గట్టిగా అనుకుంది.

విమానం దిగినప్పటి నుంచీ ఇదే వరస. సామాన్లు చూసే కుర్రాడు, బస్సు టికెట్టు ఇచ్చిన పిల్ల, హోటల్లో తాళం చేతికిచ్చిన పెద్దమనిషి, ఎవరితో రెండు ముక్కలు మాట్లాడినా కళ్ళు ఇంతింత చేసుకుని, "అబ్బ, జపనీస్ ఎంత బాగా మాట్లాడుతున్నారండీ! ఎక్కడ నేర్చుకున్నారు?" అనేవాళ్ళే. ఈ కోబె ఊళ్ళో పుట్టి, ఇక్కడే ఈడొచ్చేదాకా పెరిగిన మనిషి దానికి ఏమని జవాబు చెబుతుంది? మొదటిసారి నవ్వింది. రెండోసారి తల ఊపింది. ఆ తరవాత మనవరాలి చెయ్యి పట్టుకుని గబగబా వచ్చేసింది.

"నీ మొహం చూసి అంటున్నారు అమ్మమ్మా. వాళ్ళ తప్పేముంది?" అంది ఐలిన్, ఆ మాటలకి అర్థం అమ్మమ్మ టర్కిష్‌లో చెప్పాక.

"అప్పుడు మాత్రం ఇంకో మొహం ఉందా నాకు? ఈ మొహం వేసుకునే ఈ వీధులన్నీ తిరిగాను."

ఆ మొహం తాతార్ మొహం. నీలి కళ్ళు, ఎండిన గడ్డి రంగు జుట్టు, ఇప్పుడంతా తెలుపు. రష్యాలో విప్లవం వచ్చినప్పుడు జుహ్రా తాతలు వోల్గా నది ఒడ్డు నుంచి తూర్పుకి బయల్దేరి, సముద్రం అడ్డం వచ్చేదాకా నడిచి, దాన్నీ దాటి ఇక్కడ ఆగారు. తండ్రి ఇబ్రాహీం ఉన్నిబట్ట తానులు భుజాన వేసుకుని ఇంటింటికీ అమ్మాడు, తరవాత చిన్న కొట్టు పెట్టాడు. ఏ దేశమూ వాళ్ళని మావాళ్ళనలేదు. చివరికి టర్కీ అంది. జుహ్రాకి ఇరవై దాటిన ఏడు అందరూ సామాన్లు సర్దుకుని ఓడెక్కారు.

ఇస్తాంబుల్లో ఆమె హలీత్ అనే తపాలా ఉద్యోగిని పెళ్ళాడింది. మంచి మనిషి. పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు, హలీత్ పోయాడు. ఇన్నేళ్ళూ ఆ వీధివాళ్ళు ఆమెను 'జపాన్ పిల్ల' అనే పిలిచారు. ఎవరికైనా దారి చెప్పాల్సి వస్తే "కొండవైపు తిరిగి, మళ్ళీ సముద్రంవైపు దిగండి" అనేది. కోబెలో పుట్టినవాళ్ళకి ఉత్తరం దక్షిణం ఉండవు, వెనక కొండ, ముందు సముద్రం, అంతే. ఆ వీధిలో కొండెక్కడుందని అక్కడివాళ్ళు కడుపుబ్బా నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఐలిన్‌కి కోబె పక్కనే ఉన్న ఒసాకాలో ఆఫీసు పని పడింది. "వస్తావా అమ్మమ్మా, నీ ఊరు చూద్దాం" అంటే, ఎనభై దాటిన జుహ్రా ఆ మాట పూర్తికాకముందే పెట్టె దించమంది.

వచ్చిన మర్నాడే ఒక్కతే బయటికి వెళ్ళి దారి తప్పింది. భూకంపం ఊరిని నేలమట్టం చేసి, మళ్ళీ కట్టించింది. కాళ్ళకి గుర్తున్న సందులు కళ్ళకి దొరకలేదు. అందుకే శనివారం నడకయాత్రలో పేరు రాయించమంది. పైన కితానోలో పాత విదేశీయుల ఇళ్ళ దగ్గర మొదలై, తోర్ రోడ్డు మీదుగా చైనావాళ్ళ పేట నాంకిన్‌మాచి దాకా దిగే నడక అది.

నడిపించే ఆవిడ పేరు ఉరానో. నలభై అయిదేళ్ళుంటాయి. తొత్తొరి అనే వేరే ఊరి నుంచి కోడలిగా ఇక్కడికొచ్చింది. చేతిలో పసుపు జెండా. యాత్రంతా జపనీస్‌లోనే. గుంపులో ఇద్దరు విదేశీయులు కనిపించేసరికి ఆవిడకి బెంగ పట్టుకుంది. నగోయా నుంచి వచ్చిన భార్యాభర్తలకి మామూలుగా చెప్పి, జుహ్రా వైపు తిరిగి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు "ఇల్లు! పాతది! చాలా పాతది!" అని చేతులు చాపి చూపించింది. జుహ్రా బుద్ధిగా తల ఊపింది. ఐలిన్ నవ్వాపుకోలేక పక్కకి తిరిగింది.

ఎక్కుడు దారుల్లో ఆకులు ఎర్రబారుతున్నాయి. ఒక ఇంగ్లీషు ఇల్లు, ఒక జర్మన్ ఇల్లు దాటి, ఆకుపచ్చ కిటికీలున్న ఇంటి ముందు ఉరానో ఆగింది. జుహ్రా వంగి గేటు వారకి చూసింది. గేటు పక్క రాతిమెట్టు అంచు ఇంకా విరిగే ఉంది. దాన్ని విరగ్గొట్టింది మంచుగడ్డల బండి. ఆ సాయంత్రమంతా బండివాడు మెట్టు ముందు నిలబడి తండ్రికి దండాలు పెడుతూనే ఉన్నాడు.

లోపల ముందుగదిలో బల్ల మీద తెల్లటి గుడ్డ, బంగారు అంచు పళ్ళాలు, ముట్టుకోకుండా చుట్టూ ఎర్ర తాడు. ఆ బల్ల ఉన్నచోటే వాళ్ళమ్మ నేల మీద చెక్క పరుచుకుని రొట్టెపిండి సాగదీసేది. అటు గోడకి తమ్ముళ్ళ పరుపులు. ఇటు గోడకి బట్టతానులు, కప్పు దాకా.

"ఈ ఇంటిని కట్టించింది ఒక జర్మన్ వర్తకుడు," చెబుతోంది ఉరానో. "యుద్ధానికి ముందే ఆయన వెళ్ళిపోయాడు. ఆ తరవాత చాలా ఏళ్ళు ఇల్లు ఖాళీగానే పడి ఉంది."

"ఖాళీయేటి!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని జుహ్రాకి ఒక క్షణం తెలీలేదు. అందరూ వెనక్కి తిరిగారు. ఇక ఆగలేదు ఆమె. "ఖాళీయేటమ్మా! మూడు కుటుంబాలోళ్ళం ఉండేవోళ్ళం ఇక్కడ. మేడ మీద రష్యా సంగీతం మాస్టారు. ఎనక గదుల్లో రొట్టెల కొట్టాయన. ఇక్కడ, నువ్వు నిలబడ్డావే, అక్కడ మేం. చలికాలం పొద్దుట లేత్తే కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఖాళీ అంట!"

అది పుస్తకాల జపనీస్ కాదు. అచ్చమైన పాత కోబె రేవు మాట. ఇప్పుడు ఆ ఊళ్ళో ముసలి చేపలవాళ్ళ నోట కూడా దొరకడం అరుదు. నగోయా ఆయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఆయన భార్య ఆ పేరుపడ్డ మాట అనబోయింది, "అబ్బ, మీ జపనీస్..." అని మొదలుపెట్టి, ఎందుకో తనే ఆగిపోయింది.

ఉరానో జెండా చంకలో పెట్టుకుని దగ్గరికొచ్చింది. "అమ్మగారూ, మీరు ఈ ఇంటివాళ్ళా? మరి ఇంతసేపూ నన్నలా అరవనిచ్చారేం?"

"బాగా చెప్తున్నావు గదా, ఎందుకులే అడ్డం రావడమని."

"నాకిచ్చిన కాగితాల్లో ఖాళీ అనే ఉందండీ. ఇకనుంచి అలా చెప్పను." ఆవిడ ఎర్ర తాడు కొక్కెం తీసి పక్కకి జరిపింది. గుమ్మం దగ్గర కూర్చున్న కాపలా ఆవిడ లేవబోతే, ఒక్క నిమిషం అన్నట్టు చేత్తో ఆపింది. "రండి, లోపలికి వెళ్ళండి."

జుహ్రా రెండడుగులు వేసి బల్ల పక్క నిలబడింది. కిటికీలోంచి ఒకప్పుడు ఓడల పొగగొట్టాలు కనిపించేవి. ఇప్పుడు భవనాలు కనిపిస్తున్నాయి. ఎంతసేపు నిలబడ్డా అమ్మ గొంతు వినిపించలేదు. వినిపిస్తుందేమోననే కదా ఇంత దూరం వచ్చింది. పింగాణీ పళ్ళాలు తప్ప అక్కడ ఏమీ లేవు. ఐలిన్ వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, "పద, వెళ్దాం," అంది.

తరవాత దారంతా గుంపు ఆమె చుట్టూనే నడిచింది. చిన్నప్పుడు జుహ్రా వాళ్ళు నమాజుకి వెళ్ళిన మసీదు గుమ్మటం కింద నగోయా ఆవిడ, "పండగలకి ఏం వండుకునేవాళ్ళు?" అని అడిగింది. "గొర్రె మాంసం ఎక్కడ దొరికేదమ్మా ఆ రోజుల్లో! బంగాళాదుంపలు కూరి సమోసాల్లాటివి చేసేది మాయమ్మ. వీధిలో సగం మంది జపాను పిల్లలు మా గుమ్మంలోనే," అంది జుహ్రా. అడిగినవన్నీ చెప్పింది. తోర్ రోడ్డు దిగడం మొదలుపెట్టాక మాత్రం ఆమె మాటలు తగ్గాయి.

ఆ రోడ్డు పక్క సందులో చైనా దర్జీల కొట్లు వరసగా ఉండేవి. ఓడ కెప్టెన్ల సూట్లన్నీ అక్కడే కుట్టేవాళ్ళు. ఇబ్రాహీం దగ్గర ఉన్నిబట్ట కొనే దర్జీల్లో గో అనే ఆయన ఒకడు. ఆయన కొడుకు కైమే. తానులు తీసుకెళ్ళడానికి వచ్చేవాడు. మొదట్లో నెలకోసారి. తరవాత తరవాత, వాళ్ళ కొట్లో అన్ని సూట్లు ఎవరు తొడుక్కుంటున్నారో తెలీదుగానీ, రెండ్రోజులకోసారి వచ్చేవాడు. బట్ట చూస్తున్నట్టు చూసేవాడు. జుహ్రా గజంబద్ద పట్టుకుని కొలిచేది. కొలిచిందే మళ్ళీ కొలిచేది. రెండేళ్ళలో వాళ్ళు కలిసి నడిచింది ఈ ఒక్క రోడ్డే, కొండవైపు నుంచి సముద్రంవైపు, ఎవరైనా తెలిసినవాళ్ళు ఎదురైతే చెరోవైపూ జరుగుతూ.

రెండిళ్ళలోనూ తెలిసింది. "దేవుడి పేరెత్తని కొంపలోకి నా కూతుర్ని పంపుతానా?" అన్నాడు ఇబ్రాహీం. "పిల్లి కళ్ళ పిల్ల నాకు కోడలేంటి?" అంది కైమే తల్లి. ఆ గొడవ ఇంకా తెగకముందే టర్కీ నుంచి పాస్‌పోర్టులు వచ్చాయి. ఓడ కదిలే రోజు కైమే రేవుకి వచ్చాడు. ఓడ మీదివాళ్ళూ గట్టు మీదివాళ్ళూ రంగు కాగితం రిబ్బన్ల కొసలు చెరోవైపూ పట్టుకోవడం అక్కడి అలవాటు. తను విసిరిన రిబ్బను పట్టుకున్నది అతనో, పక్కనున్న ఇంకెవరో కూడా జుహ్రాకి సరిగ్గా కనిపించలేదు. అన్నీ ఒకేసారి తెగాయి.

"ఈ సందులో దర్జీలుండేవోళ్ళు," అంది ఇప్పుడు, ఎవరితోనో అన్నట్టు. సందులో సంచుల దుకాణం, ఒక కాఫీ హోటలు ఉన్నాయి.

"అవునండీ," అంది ఉరానో. "భూకంపం తరవాత ఒక్కొక్కళ్ళే మూసేశారు. మా ఆయన పెళ్ళి సూటు ఆఖర్న మిగిలిన ఆయనే కుట్టాడు. గో అని. కొలతలకి ఎన్నిసార్లు తిప్పించాడో! మా అత్తగారు పెళ్ళి వాయిదా పడుతుందేమోనని..."

జుహ్రా ఆగిపోయింది. "ఏ గో?"

"గో కైమే అండీ. ఇప్పుడు కుట్టడం లేదు. నాంకిన్‌మాచికి సముద్రంవైపు, కూతురు కొన్న ఫ్లాటులో ఉంటారు, ఆయనా ఆయన భార్యా. పోయిన నెల కూడా కనిపించాడు, కూరగాయలు బేరమాడుతూ."

ఐలిన్‌కి ఆ జపనీస్ ఏమీ అర్థం కాలేదు. అమ్మమ్మ తన మోచెయ్యి పట్టుకున్న పట్టు చూసి, "ఏమైంది? కూర్చుంటావా?" అంది.

"ఏమీ కాలేదు," అంది జుహ్రా. "బతికే ఉన్నాడట."

నాంకిన్‌మాచి గేటు దగ్గర గుంపు విడిపోయింది. ఉరానో ఫోను చేసి, ఎవరో పాత స్నేహితులు వచ్చారని మాత్రం చెప్పి, వాళ్ళిద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్ళింది. లిఫ్టు అద్దంలో జుహ్రా తలగుడ్డ సర్దుకుంది. మళ్ళీ సర్దుకుంది. ఈ వయసులో ఇదేమిటని తనని తనే తిట్టుకుంది.

తలుపు తీసింది ఒక పొట్టి ముసలావిడ, జుట్టుకి నల్లరంగు, నడుముకి ఆప్రాను. ఆవిడ ఉరానోని పలకరించి, వెనకనున్న నీలి కళ్ళని చూసి, చూసి, చేతిలోని గరిటె గోడవారగా పెట్టేసింది.

"ఓలమ్మో," అంది. "జుహ్రావి గదూ నువ్వు?"

జుహ్రా తల ఊపింది.

"నేను రేకా. ఈయన పెళ్ళాన్ని. రా, రా, అలగ నిలబడిపోయావేటి? ఏవండోయ్! లెగండి! ఎవరొచ్చారో చూడండి!"

కైమే కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నా టై కట్టుకునే ఉన్నాడు. మనిషి ఎండిపోయి, చెవులు మాత్రం పెద్దవయ్యాయి. అతను లేవలేదు. జుహ్రాని పై నుంచి కిందికి, కింది నుంచి పైకి నిదానంగా చూశాడు.

"ఆ కోటు ఎవుడు కుట్టాడు?" అన్నాడు.

"కుట్టించలేదు. కొట్లో కొన్నదే."

"అదే అనుకున్నాను. నీ ఎడమ భుజం కొంచెం దిగువ. చిన్నప్పట్నించీ అంతే. ఎవుడూ చూసుకోడు." అనేసి, చేత్తో గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయాడు.

అతన్ని అలా వదిలేసి రేకా అందర్నీ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఉరానో ఉండనంది, ఉండక తప్పలేదు. అన్నం, రొయ్యల కూర, చేప, ఆకుకూర వేపుడు వచ్చాయి. ఐలిన్ గిన్నెల వైపు కాస్త అనుమానంగా చూడటం రేకా కంటపడింది.

"పంది లేదని చెప్పు ఆ పిల్లకి. ఈ ఇంట్లో పంది ఉండదు."

"మా కోసం అంత శ్రమ..." అంది జుహ్రా.

"ఇయ్యాళ మీ కోసం కాదక్కా. ఎప్పుడూ ఉండదు." రేకా మొగుడి వైపు గడ్డం ఎత్తి చూపించింది. "పెళ్ళిలో ముట్టుకోలేదు. మా నాన్న కోపమొచ్చి లేచిపోయాడు. ఏటయ్యా అంటే కడుపు బాగోలేదన్నాడు. కింద వీధంతా పంది మాంసం బన్నులే గదా, జనం వరసలు కట్టి తింటారు. ఈయనకి మాత్రం కడుపు బాగోదు! ఇన్నేళ్ళయినా ఆ కడుపు బాగవలేదు."

"నిజంగానే కడుపు..." అన్నాడు కైమే.

"నువ్వు నోర్ముయ్యి. ఆ కడుపు సంగతి నాకు చెప్తావా? మీయమ్మ పోయేముందు చెప్పింది నాకు అంతా." రేకా గొంతులో కోపం లేదు. కూర వడ్డిస్తూనే ఉంది. "మొదట్లో ఏడిచాను. మరి ఏడవనా? తరవాత రొయ్యలతో వండటం నేర్చుకున్నాను. ఇప్పుడు నాకూ ఆ వాసన పడదు."

జుహ్రా చేతిలోని తినే పుల్లలు బల్ల మీద పెట్టింది. "నేనెప్పుడూ మానమనలేదే నిన్ను."

"అనలేదు," అన్నాడు కైమే. "నేనే మానేసి, ఆ మాట మీ నాన్నతో చెప్దామనుకున్నాను. నీకు చెప్పేలోపే ఓడ వెళిపోయింది. ఆపైన... ఎవరో ఒకరికి ఇచ్చిన మాటలా అయిపోయింది. తప్పబుద్ధి కాలేదు."

రేకా అతని గిన్నెలో ఇంకో గరిటె కూర వేసింది. ఏం జరుగుతోందో ఐలిన్‌కి ఒక్క ముక్క తెలీలేదు. అయినా అందరికన్నా ముందు ఆ పిల్ల కళ్ళే చెమర్చాయి.

భోజనాలయ్యాక చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎవరెవరు పోయారు, ఎవరి పిల్లలు ఎక్కడున్నారు, భూకంపంలో కొట్టు ముందుభాగం రోడ్డు మీదికి ఎలా ఒరిగింది. హలీత్ గురించి అడిగాడు కైమే. మంచివాడని చెప్పింది జుహ్రా. "మంచిది," అన్నాడు. ఆ మాట అన్న కాసేపటికి అతని తల పక్కకి వాలింది.

"పడుకున్నాడు," అంది రేకా. "మధ్యాన్నం పూట ఇంతే. మాట మధ్యలోనే నిద్రలోకి పోతాడు. లేపమంటావా?"

జుహ్రా అతన్ని చూసింది. నిద్రలో అతని మొహం మీద ముడతలు కొంచెం సర్దుకుని, వెనకటి కుర్రవాడు అక్కడక్కడా కనిపిస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అతన్ని ఇలా తీరిగ్గా, ఎవరైనా చూస్తారన్న భయం లేకుండా చూడలేదు.

"వద్దు," అంది. "పడుకోనీ."

కింద వీధిలోకి వచ్చాక ఆమె ఐలిన్‌ని ఆపింది. "ఎల్లుండి విమానం కదూ మనది? దాన్ని ఇంకో వారానికి వాయిదా వేయించు."

"అమ్మమ్మా! అమ్మ నన్ను చంపేస్తుంది. ఏమని చెప్పను?"

"నా మోకాళ్ళు పట్టేశాయని చెప్పు. అబద్ధం కూడా కాదు."

ఆ వారమంతా జుహ్రా పొద్దున్నే ఆ ఇంటికి వెళ్ళేది. ముగ్గురూ టీ తాగేవాళ్ళు. రేకాతో కలిసి కూరలు తరిగేది. కైమే వార్తాపత్రిక పైకి చదివి అందర్నీ తిట్టేవాడు. ఒకరోజు ఆమె కోటు విప్పించి, భూతద్దం పెట్టుకుని, వణికే చేతుల్తో ఎడమ భుజం కుట్లు ఊడదీయబోతే రేకా లాక్కుంది. "వేళ్ళు పొడుచుకుంటావు, ఊరుకో!" కోటు అలాగే ఉండిపోయింది. పాత రోజుల మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. మధ్యాహ్నం అతను నిద్రపోయేవాడు. ఇద్దరాడవాళ్ళూ గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు.

వారం అయ్యాక జుహ్రా వెళ్ళిపోయింది. వీడ్కోలు చెప్పడానికి ఎవరూ రావద్దని ముందే చెప్పింది. ఎవరూ రాలేదు. కానీ దానికి ముందు రోజు ఒకటి జరిగింది.

ఆ సాయంత్రం రేకా వంటింట్లోంచి బయటికొచ్చి, "తోఫూ అయిపోయింది," అంది, ఖాళీ సోయాజున్ను గిన్నె చూపిస్తూ. "నా కాళ్ళు ఇయ్యాళ లాభం లేదు. మీరిద్దరూ ఎల్లి తెండి."

"నేను తెస్తాను," అని ఐలిన్ సైగలతో లేవబోయింది. రేకా ఆ పిల్ల భుజం పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది. జుహ్రా రేకా మొహంలోకి చూసింది. రేకా తల తిప్పుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇద్దరూ కిందికి దిగారు. అతనికి చేతికర్ర, ఆమెకి అతని రెండో చెయ్యి. తోఫూ కొట్టు రోడ్డుకి కొండవైపు ఉంది. "మెత్తంది తీసుకుందామా, గట్టిదా?" అన్నాడు కైమే. "నీ పళ్ళకి మెత్తందే," అంది జుహ్రా. "నా పళ్ళ గురించి నీకెందుకు? కూరకి గట్టిదే బాగుంటది." కాసేపు దాని మీద వాదులాడుకున్నారు. కొట్టావిడ నీళ్ళలోంచి ముక్క పైకి తీసి పట్టుకుని, ఎటూ తేల్చని ఈ ముసలి మొగుడూపెళ్ళాల్ని చూస్తున్నట్టు ఓపిగ్గా నవ్వుతూ నిలబడింది. ఆవిడ అనుకున్నది తప్పని వాళ్ళిద్దరిలో ఎవరూ చెప్పలేదు. చివరికి రెండూ తీసుకున్నారు. సంచి కైమే పట్టుకున్నాడు.

తిరుగుదారిలో సిగ్నల్ దగ్గర ఆగారు. ఆఫీసుల నుంచి ఇళ్ళకి వెళ్ళే జనం చుట్టూ నిండారు. దూరంగా రేవులో ఏదో ఓడ కూసింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. జనమంతా దాటిపోయారు. వాళ్ళిద్దరూ కదల్లేదు. దీపం మిణుకుమిణుకుమని మళ్ళీ ఎర్రబడింది.

"తరవాత దానికి దాటుదాం," అన్నాడు కైమే.

"సరే," అంది జుహ్రా.